భయపడే హక్కు ఎవరికుంది?

2021 మే 21, శుక్రవారం. ఆ ఉదయం నెల్లూరు జిల్లా ముత్తుకూరు మండలంలోని కృష్ణపట్నం గ్రామానికి వెళ్ళే దారులన్నీ జనంతో నిండిపోయాయి. బొణిగి ఆనందయ్య ఇచ్చే కరోనా మందు కోసం ఎక్కడెక్కడి నుంచో వేలాది మంది వచ్చారు. కొందరిని అంబులెన్సుల్లో, ఆక్సిజన్ మాస్కులతోనే తీసుకొచ్చారు. తాకిడిని అదుపు చేయలేక అధికారులు పంపిణీని నిలిపివేశారు. అదే రాత్రి విశాఖపట్నంలో డాక్టర్ సుధాకర్ గుండెపోటుతో మరణించారు. అంతకు ఏడాది ముందు ఎన్95 మాస్కులు లేవని అడిగి సస్పెండైన నర్సీపట్నం ప్రాంతీయ ఆసుపత్రి అనస్థీషియా వైద్యుడాయన, దళితుడు.

ఈ రెండింటినీ కలిపి చూసినవారు తక్కువ. ఒకటి మూఢనమ్మకం పద్దులో, మరొకటి రాజకీయ వివాదం పద్దులో చేరిపోయాయి. కానీ రెండూ ఒకే కథలోని భాగాలని నేను భావిస్తున్నాను. మహమ్మారి కాలంలో భయపడనివారు లేరు. అయితే ఎవరి భయాన్ని సమాజం గౌరవించింది, ఎవరి భయాన్ని పిచ్చిగానో అజ్ఞానంగానో ముద్రవేసి పక్కన పెట్టింది అన్న ప్రశ్నకు కులంతో సంబంధం లేదని చెప్పడం కష్టం. కొవిడ్ మిగిల్చిన మానసిక గాయాల గురించి ఆ తర్వాత చాలా చర్చ జరిగింది. తొలి ఏడాదిలోనే ప్రపంచవ్యాప్తంగా ఆందోళన, కుంగుబాటు 25 శాతం పెరిగాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 మార్చిలో ప్రకటించింది. ఆ శాతం మన వాడల్లో, మన ఆసుపత్రుల్లో ఎవరెవరి మధ్య ఎలా పంపకమైందో మాత్రం ఎవరూ లెక్కించలేదు.

ఆంధ్రప్రదేశ్‌లో మొదటి కొవిడ్ కేసు నెల్లూరులోనే నమోదైంది. 2020 మార్చి 12న ఇటలీ నుంచి తిరిగివచ్చిన ఒక యువకుడికి వ్యాధి నిర్ధారణ అయింది. అతను కోలుకొని ఇంటికి వెళ్ళాడు. మరో నెల తిరక్కముందే నెల్లూరుకు చెందిన ఒక ఆర్థోపెడిక్ వైద్యుడు అదే వ్యాధితో చెన్నైలోని ఒక ఆసుపత్రిలో కన్నుమూశారు. దహనానికి తీసుకువెళ్తే స్థానికులు అడ్డుకున్నారు. మృతదేహం వెనక్కి రావలసి వచ్చింది. చివరికి మరో చోట అంత్యక్రియలు జరిగాయి. కొన్ని రోజులకే అదే నగరంలో న్యూరో సర్జన్ డాక్టర్ సైమన్ హెర్క్యులిస్ ఖననాన్ని కూడా జనం అడ్డుకున్నారు. అద్దె ఇళ్ళు ఖాళీ చేయమని యజమానులు డాక్టర్లను, నర్సులను వేధిస్తున్నారన్న ఫిర్యాదులు దేశం నలుమూలల నుంచీ వచ్చాయి. 2020 ఏప్రిల్ 22న కేంద్ర ప్రభుత్వం అంటువ్యాధుల చట్టాన్ని సవరిస్తూ ఆర్డినెన్సు తెచ్చి, వైద్య సిబ్బందిపై దాడి చేసినవారికి గరిష్ఠంగా ఏడేళ్ళ వరకు శిక్ష పడేలా చేసింది. చేయవలసిన పనే. అయినా అప్పుడు నాకొక ఆలోచన వచ్చింది, ఇప్పటికీ పోలేదు. ఇల్లు అద్దెకు దొరకకపోవడం, బావి దగ్గరికో పంపు దగ్గరికో రావద్దనడం, శవాన్ని పూడ్చుకోవడానికి నేల లేకపోవడం: వైద్యులకు ఇవి కొన్ని నెలల అనుభవం. ఆ కొన్ని నెలలకే వారి మనసులు ఎంత చితికిపోయాయో దేశమంతా మాట్లాడింది. తరతరాలుగా అదే బతుకుగా ఉన్నవారి మనసుల్లో ఏం జరిగి ఉంటుందని మన మానసిక వైద్యశాస్త్రం ఇంతవరకు తీరుబడిగా అడగలేదు.

మన భాషే ఈ సంగతిని దాచుకోలేదు. అంటురోగం, అంటుముట్టు, అంటరానితనం. మూడింటిలోనూ ఉన్నది ఒకే ‘అంటు’. పైగా ఆ రోజుల్లో పత్రికలు, ప్రభుత్వ ప్రకటనలు అన్నీ ‘సామాజిక దూరం’ పాటించమన్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్చిలోనే ‘భౌతిక దూరం’ అనడం మేలని సూచించినా మన వాడుక మారలేదు. సామాజిక దూరం పాటించడం మాకు ఎవరూ నేర్పనక్కరలేదని మా పల్లెలో పెద్దలు నవ్వుకునేవారు. ఆ నవ్వులో హాస్యం తక్కువ.

డాక్టర్ సుధాకర్ విషయానికి వస్తాను. 2020 ఏప్రిల్ మొదట్లో ఆయన అడిగింది చాలా చిన్న సంగతి. రోగులకు మత్తు ఇచ్చే వైద్యుడు రోగి శ్వాసకు అందరికన్నా దగ్గరగా ఉంటాడు. గొంతులోకి గొట్టం వేయవలసింది అతనే. ఆ స్థితిలో ఒకే మాస్కును రోజుల తరబడి వాడమంటే భయం వేయదా? ఆ భయాన్ని ఆయన విలేకరుల ముందు చెప్పారు. సస్పెండయ్యారు. మే 16న విశాఖలో జాతీయ రహదారిపై చొక్కా లేకుండా, చేతులు వెనక్కి కట్టి ఉన్న ఆయన్ని పోలీసులు లాక్కెళ్ళిన దృశ్యాన్ని రాష్ట్రమంతా చూసింది. ముందు మద్యం మత్తులో ఉన్నాడన్నారు. తర్వాత మానసిక స్థితి సరిగా లేదన్నారు. చివరకు ప్రభుత్వ మానసిక వైద్యశాలకు చేర్చారు. హైకోర్టు జోక్యం చేసుకొని మేజిస్ట్రేటుతో వాంగ్మూలం నమోదు చేయించింది. ప్రభుత్వం ఇచ్చిన నివేదికలో ఆయన ఒంటిమీద ఒకే గాయం ఉంటే, మేజిస్ట్రేటు నివేదికలో ఆరు ఉన్నాయి. మే 22న హైకోర్టు దర్యాప్తును సీబీఐకి అప్పగించింది. జూన్ మొదటి వారంలో ఆయన ఆసుపత్రి నుంచి బయటికి రాగలిగారు. తర్వాత సంవత్సరమైనా బతకలేదు.

ఆయనకు మానసిక సమస్య ఉందా లేదా అన్న చర్చలోకి నేను వెళ్ళదలచుకోలేదు. ఉన్నా అది నేరం కాదు. ఉద్యోగం పోయి, దేశమంతా చూసేలా అవమానం పాలైన మనిషి కలత చెందకపోతేనే ఆశ్చర్యపడాలి. నా ప్రశ్న వేరు. 2018 మే నుంచి అమల్లో ఉన్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017లోని మూడో సెక్షన్‌ను మన అధికారులు ఎంతమంది చదివారు? ఒక వ్యక్తి రాజకీయ, ఆర్థిక, సామాజిక స్థాయిని బట్టి గాని, అతను ఫలానా సాంస్కృతిక, జాతి, మత సమూహానికి చెందినవాడన్న కారణంతో గాని అతనికి మానసిక వ్యాధి ఉందని నిర్ణయించరాదని ఆ సెక్షన్ చెబుతుంది. చుట్టూ ఉన్న సమాజపు నైతిక, వృత్తిపరమైన, రాజకీయ విలువలకు ఒదగకపోవడాన్ని వ్యాధిగా చూడరాదని కూడా చెబుతుంది. చట్టం రాసినవారికి చరిత్ర తెలుసు. ఎదురు మాట్లాడిన మనిషిని పిచ్చివాడని తేల్చేయడం రాజ్యాలకు పాత అలవాటు. మన దేశంలో ఆ అలవాటుకు కులం తోడైతే ఇంకెవరి సాక్ష్యమూ అవసరం ఉండదు. దళితుడు కోపంగా మాట్లాడితే కండకావరం, భయంతో మాట్లాడితే మతిభ్రమణం; గట్టిగా నవ్వినా ఏదో ఒక పేరు పెడతారు.

అదే ఏడాది జూలైలో నెల్లూరుకు ఎగువనున్న చీరాలలో మాస్కు పెట్టుకోలేదని పోలీసులు ఆపిన ఒక దళిత యువకుడు తలకు గాయాలై కొన్ని రోజులకు ఆసుపత్రిలో చనిపోయాడు. జీపులోంచి దూకాడని పోలీసులు, లాఠీతో కొట్టారని కుటుంబ సభ్యులు చెప్పారు. ఎస్సైని సస్పెండ్ చేశారు. మాస్కు అడిగినవాడికి, మాస్కు లేనివాడికి ఆ ఏడాది మన రాష్ట్రంలో జరిగింది ఇది. ఈ వార్తలు చదివిన దళిత యువకుడి మనసులో వైరస్ భయం ఎంత, పోలీసు భయం ఎంత? ఏ ప్రశ్నావళి అయినా ఈ రెండింటినీ విడదీసి అడిగిందా?

ఇక కృష్ణపట్నం. ఆనందయ్య మందులో శాస్త్రీయత గురించి నాకు ఏ భ్రమలూ లేవు. పి, ఎల్, ఎఫ్ అన్న పేర్లతో ఇచ్చిన మందులకు కేంద్ర ఆయుర్వేద పరిశోధనా మండలి నివేదిక చూసుకొని రాష్ట్ర ప్రభుత్వం మే 31న అనుమతి ఇచ్చింది. హాని కనిపించలేదన్నది ఆ అనుమతికి ఆధారం తప్ప రోగం తగ్గుతుందన్న రుజువు కాదు. తేనె, ముళ్ళవంకాయ గుజ్జు కలిపిన కంటి చుక్కలకు ఆ అనుమతి దక్కలేదు. ఆ చుక్కలతో లేచి కూర్చున్నానని వీడియోలో చెప్పిన విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు కొద్ది రోజులకే మరణించారు. ఆనందయ్య యాదవుడు కనుక ఇది బహుజనుల జ్ఞానమని, దీన్ని ప్రశ్నించడమే బ్రాహ్మణీయమని మా మిత్రులు కొందరు వాదించారు. వారితో నేను అప్పుడూ ఏకీభవించలేదు. మన కులాలవారి చేతి నుంచి వచ్చిందన్న కారణానికి కంట్లో చుక్కలు వేయించుకోమని జనానికి చెప్పడం బహుజన రాజకీయం కాదు. రుజువు అడిగే అలవాటును ఫూలే, అంబేడ్కర్ల నుంచే నేర్చుకున్నవాళ్ళం మనం.

అయితే ఆ జనాన్ని ఎగతాళి చేసినవారితోనూ నేను లేను. ఆ నెలను గుర్తు చేసుకోండి. మే 16న రాష్ట్రంలో ఒక్క రోజే 24,171 కేసులు నమోదయ్యాయి. మే 10 రాత్రి తిరుపతి రుయా ఆసుపత్రిలో ఆక్సిజన్ సరఫరా కొద్ది నిమిషాలు ఆగిపోయి, ప్రభుత్వ లెక్క ప్రకారమే 11 మంది ప్రాణాలు పోయాయి. నెల్లూరుకు తిరుపతి ఎంత దూరం? ఆ వార్త విన్న మనిషి ఆసుపత్రి గడప తొక్కడానికి జంకితే అది అజ్ఞానమా? ప్రైవేటు ఆసుపత్రికి కట్టే శక్తి లేదు. ప్రభుత్వ ఆసుపత్రిలో మంచం దొరుకుతుందన్న నమ్మకం లేదు. పైగా లోపలికి వెళ్ళిన మనిషి మళ్ళీ కనబడడు. పోతే సంచిలో చుట్టి పంపిస్తారు. 2020 జూలైలో నెల్లూరు పెన్నా ఒడ్డున కొవిడ్ మృతదేహాలను యంత్రంతో గుంతలోకి జారవిడిచిన వీడియోను జిల్లా ప్రజలు మర్చిపోలేదు. అలాంటి చోట ఒక మనిషి డబ్బు తీసుకోకుండా, ముఖంలో ముఖం పెట్టి, పేరు అడిగి, చేతిలో ఇంత మందు పెడుతున్నాడంటే జనం రాకుండా ఎలా ఉంటారు? వారు వచ్చింది వైరస్‌కు మందు కోసమే. దక్కింది మాత్రం, నా అంచనాలో, మరొకటి: తమను అంటుకోవడానికి భయపడని మనిషి ఒకడున్నాడన్న ధైర్యం. ఆ ధైర్యాన్ని ఇవ్వవలసిన ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఆ పని చేసి ఉంటే కృష్ణపట్నంలో అంత వరుస ఉండేది కాదు.

ఈ తీరం స్వభావం తెలియనివారి కోసం ఒక మాట. మైపాడు, జువ్వలదిన్నె, తుమ్మలపెంట, ఇసకపల్లి వంటి గ్రామాల్లో పట్టపువారు సముద్రం మీద బతుకుతారు. వాగుల్లో, కయ్యల్లో పీతలు, చేపలు పట్టుకునేవారు, రొయ్యల గుంటలకు కాపలా ఉండేవారు ఎక్కువగా యానాదులు. రాష్ట్రంలో యానాదులు అత్యధికంగా ఉన్నది ఉమ్మడి నెల్లూరు జిల్లాలోనే. 2020లో లాక్‌డౌన్ తర్వాత వెనువెంటనే ఏప్రిల్ 15 నుంచి చేపల వేట నిషేధం వచ్చింది. లాక్‌డౌన్‌లో పోయిన రోజులను దృష్టిలో ఉంచుకొని 61 రోజుల నిషేధాన్ని ఆ ఏడాది 47 రోజులకు కుదించారు. మత్స్యకార భరోసా కింద పడవల మీద వేటకు వెళ్ళే కుటుంబాలకు 10 వేల రూపాయలు అందాయి. గుంట కాపలాదారుకు, పడవ లేకుండా వాగులో పీతలు పట్టుకునే యానాదికి ఆ జాబితాలో చోటు దొరకడం కష్టం. చేతిలో పని లేని ఆ నెలల్లో ఇళ్ళల్లో ఏం జరిగిందో ఆడవాళ్ళను అడగాలి. 1992లో దూబగుంట నుంచి సారా వ్యతిరేక ఉద్యమాన్ని నడిపించిన జిల్లా ఇది. లాక్‌డౌన్‌లో దుకాణాలు మూసేస్తే మద్యానికి అలవాటుపడ్డ శరీరాలు వణికాయి, మనసులు అదుపు తప్పాయి. దానికి వైద్యం అవసరమని ఎవరూ చెప్పలేదు. మే నెలలో దుకాణాలు తెరిచి ధర 75 శాతం పెంచారు. జూలై చివర పక్కనున్న ప్రకాశం జిల్లా కురిచేడులో శానిటైజర్ తాగి పది మందికి పైగా చనిపోయారు. వ్యసనం కూడా మానసిక ఆరోగ్య సమస్యేనని, ధర పెంచితే తగ్గే వ్యాధి కాదని ఒప్పుకోవడానికి అన్ని శవాలు కావలసి వచ్చింది. ఒప్పుకున్నామా అంటే అదీ అనుమానమే.

ఆరోగ్య కార్యకర్తలు అనగానే మనకు తెల్ల కోటు గుర్తుకొస్తుంది. 2020 మార్చి 22న చప్పట్లు కొట్టింది వారికోసమే అనుకున్నాం. కొవిడ్ వార్డులో మూత్రపు సంచి మార్చినవారు, నేల తుడిచినవారు, శవానికి సంచి తొడిగి మూతి కట్టినవారు ఏ కోటూ లేనివారు. దేశంలో మురుగు కాలువలు, సెప్టిక్ ట్యాంకులు శుభ్రం చేసేవారిలో ప్రభుత్వం వివరాలు నమోదు చేసిన ప్రతి వంద మందిలో దాదాపు 92 మంది ఎస్సీ, ఎస్టీ, ఓబీసీలని 2024లో తేలింది. ఆసుపత్రి పారిశుద్ధ్యానికి అలాంటి లెక్క కూడా లేదు. కానీ ఏ జిల్లా ఆసుపత్రి వెనుక గేటు దగ్గరైనా ఉదయం ఆరింటికి నిలబడితే లెక్క దానంతటదే తేలుతుంది. కులం పనిని పంచుతుందని అంటారు. ఆ పనితోపాటు వచ్చే భీతిని, దుఃఖాన్ని, రాత్రి కలలను కూడా అదే పంచుతుంది.

మా పెదనాన్న కొడుకు జిల్లాలోని ఒక ఆసుపత్రిలో పొరుగుసేవల కార్మికుడు. రెండు అలల్లోనూ కొవిడ్ వార్డులో పనిచేశాడు. 2021 వేసవిలో ఒక రాత్రి శవాలను మార్చురీకి చేర్చాక, ఒక ముసలామె మంచం మీద నుంచి చేయి చాపి నీళ్ళు అడిగిందని, ఇచ్చి వెనక్కి తిరిగేలోగా పోయిందని నాకు ఒక్కసారే చెప్పాడు. ఆ తర్వాత చెప్పలేదు. నిద్ర పట్టడం లేదని వదిన చెప్పింది. తాగుడు పెరిగిందని కూడా చెప్పింది. అదే కాలంలో నాకూ నిద్ర పోయింది. విశ్వవిద్యాలయంలో ముగ్గురు సహోద్యోగులు వరసగా మరణించిన నెల అది. నేను మరో ఊరికి వెళ్ళి ఫీజు కట్టి మానసిక వైద్యుణ్ణి కలిశాను, మందులు వాడాను, కోలుకున్నాను. ఈ మాట ఇంతకాలం ఎక్కడా చెప్పలేదు. ఎందుకు చెప్పలేదంటే సుధాకర్ గుర్తుకొచ్చేవారు. రిజర్వేషన్‌లో వచ్చినవాడికి సామర్థ్యం లేదనేవారు ఉన్న చోట, మతి కూడా లేదని అనిపించుకోవడానికి ధైర్యం చాలలేదు. అగ్రవర్ణ సహోద్యోగి ఒకరు అదే సమయంలో తన కుంగుబాటు గురించి ఇంగ్లీషు పత్రికలో వ్యాసం రాసి ప్రశంసలు పొందారు. ఆయన్ని నేను తప్పుపట్టను. ఆయన రాసింది నిజాయితీగానే ఉంది. అలా రాసినందువల్ల ఆయనకు పోయేదేమీ లేదన్నదే నాకూ ఆయనకూ తేడా. 2019 మేలో ముంబైలో కులదూషణ తట్టుకోలేక ప్రాణం తీసుకున్న ఆదివాసీ వైద్యురాలు పాయల్ తడ్వి సంగతి తెలిసినవారికి, ఆసుపత్రి గోడలు కులాన్ని బయటే ఆపుతాయన్న నమ్మకం ఉండదు.

నా విద్యార్థిని తల్లి తీర ప్రాంతపు ఆశా కార్యకర్త. 2022 మేలో ప్రపంచ ఆరోగ్య సంస్థ భారతదేశపు ఆశాలందరికీ గ్లోబల్ హెల్త్ లీడర్స్ పురస్కారం ఇచ్చినప్పుడు ఆమెను అభినందించాను. నెలకు 10 వేల గౌరవ వేతనం మీద, మొదట్లో చున్నీనే మాస్కుగా చుట్టుకొని ఇల్లిల్లూ తిరిగిన మనిషి. పైవీధిలో తలుపు తీయకుండా కిటికీలోంచే జవాబు చెప్పేవారట. ‘‘కరోనాకి భయపడ్డారా, మా కులానికి భయపడ్డారా అనేది నాకు ఇప్పటికీ తెలవదు సార్,’’ అంది. నిద్ర పట్టేదా అమ్మా అని అడిగాను. ‘‘జొరం ఉందా, దగ్గు ఉందా, ఆక్సిజన్ ఎంత, అన్నీ రాసుకునేదాన్ని. నిద్ర సంగతి రాసే గడి లేదు సార్. నన్ను అడిగినోళ్ళూ లేరు.’’

2015-16లో నిమ్హాన్స్ జరిపిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో పెద్దవారిలో 10.6 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉందని, వ్యాధిని బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదని తేలింది. ఆ సర్వే జరిగిన 12 రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ గాని తెలంగాణ గాని లేవు. అంటే మహమ్మారికి ముందు మన పరిస్థితి ఏమిటో పోల్చి చూసుకోవడానికి ఆ సర్వేలో మన లెక్క లేదు. 2022 అక్టోబర్ 10న టెలి-మానస్ మొదలైంది. 14416కు ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడతారు. మంచి ఏర్పాటే. కానీ ఫోన్ చేసి నాకు భయంగా ఉందని చెప్పగలగాలంటే, ఆ మాట రేపు తన మీదకే తిరిగిరాదన్న నమ్మకం ముందు ఉండాలి.

అందుకే ప్రభుత్వాన్ని నేను అడిగేవి పెద్ద కోరికలు కావు. ఇకముందు మన రాష్ట్రంలో జరిగే ఏ మానసిక ఆరోగ్య సర్వే అయినా కులం, ఉద్యోగ స్వభావం, శాశ్వతమా పొరుగుసేవలా అన్న వివరాలు నమోదు చేయాలి. కొవిడ్ వార్డుల్లో పనిచేసిన పారిశుద్ధ్య కార్మికులకు, మార్చురీ సిబ్బందికి, ఆశాలకు, ఏఎన్‌ఎంలకు వారి పనిస్థలంలోనే, పని గంటల్లోనే మానసిక వైద్య సేవ అందాలి. అక్కడ చెప్పిన మాట సూపర్‌వైజర్ చెవిన పడకూడదు. రక్షణ సామగ్రి లేదని ఫిర్యాదు చేసినవారిపై చర్య తీసుకునే ముందు ఆ ఫిర్యాదు నిజమా కాదా అని తేల్చాలన్న నిబంధన ఉండాలి. ఏ ఉద్యోగినైనా పోలీసులు మానసిక వైద్యశాలకు తీసుకువెళ్తే మూడో సెక్షన్ ప్రకారం పరిశీలన జరిగిందో లేదో రాతపూర్వకంగా నమోదు కావాలి.

వీటిలో రెండోది ఎందుకు ముఖ్యమో మా అన్న వల్లే నాకు తెలిసింది. మొన్న సంక్రాంతికి ఊరికి వెళ్ళినప్పుడు, పెద్దాసుపత్రిలో మానసిక వైద్యుడి ఓపీకి ఒకసారి వెళ్ళి రమ్మని చెప్పాను. వాడు కాదనలేదు. ఓపీ ఉన్న పూట డ్యూటీ పోతుందని, పోయిన పూటకు కాంట్రాక్టరు జీతం కోస్తాడని, మందులు రాస్తే నెలనెలా పోవలసి వస్తుందని లెక్క చెప్పాడు. ‘‘ఆ ఓపీ ముందు నన్ను చూసేది మా సూపర్‌వైజరేగా తమ్ముడూ,’’ అని కూడా అన్నాడు.